వరసల వెంకటేశన్ నిద్ర

పాండిచ్చేరి ఒర్లియంపేటలో తెలుగు మాట్లాడే ఇళ్ళల్లో పెళ్ళి సంబంధం కుదిరితే, జాతకాలు చూసే అయ్యవారి దగ్గరికి వెళ్ళేముందు వెంకటేశన్ ఇంటికి వెళ్ళాలి. ఇది చట్టమేమీ కాదు. చట్టమైతే ఎవరో ఒకరు తప్పించుకునే దారి ఎప్పుడో కనిపెట్టేవారు.

ఎప్పుడో తాతల తాతలు ఈ పక్కకి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు అవి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. పేరుకి ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరం తగిలించుకోవడమే తప్ప ఇంటిపేరు వాడే అలవాటు ఎప్పుడో పోయింది. బళ్ళో అడగరు, ఆఫీసులో అడగరు. రాసి దాచుకుందామంటే తెలుగు అక్షరం పోల్చగలిగినవాడు వీధికొకడు కూడా లేడు. కానీ పెళ్ళి మాట వచ్చేసరికి మాత్రం అందరికీ ఆ ఇంటిపేర్లే కావాలి. ఏ ఇంటికి ఏ ఇల్లు అన్నదమ్ముల వరస, ఏ ఇల్లు వియ్యానికి పనికొస్తుంది, ఇది తేలాలి. అన్నదమ్ముల వరస ఇంటి పిల్లని చేసుకుంటే సొంత చెల్లెల్ని చేసుకున్నంత పాపమని అందరి నమ్మకం. ఆ వరసలన్నీ వెంకటేశన్ తలలో ఉన్నాయి. తండ్రి ఆయన చెవిలో పోశాడు. ఆయన మాత్రం ఇంకెవరి చెవిలోనూ పోయలేదు. పోస్తే ఇక ఆయన ఇంటికి ఎవరొస్తారు?

కరెంటాఫీసులో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరైన మనిషికి అదొక్కటే సింహాసనం. వచ్చినవాళ్ళు పళ్ళ పళ్ళెం ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడేవారు. ఆయన, భార్య జయమ్మాళ్ ఇచ్చిన కాఫీ తాగి, కళ్ళు మూసుకుని, వరసలన్నీ లోలోపలే చదువుకునేవాడు. పెదవి కూడా కదలనిచ్చేవాడు కాదు, ఎవరైనా పట్టేస్తారని. ముందు అన్నదమ్ముల ఇళ్ళు, తర్వాత వియ్యపు ఇళ్ళు. చివరికి కళ్ళు తెరిచి "కుదురుతాది" అంటే పెళ్ళి, "అన్నదమ్ములు" అంటే లేదు. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అడిగితే ఆయన చూసే చూపుకి అడిగినవాడు వారం రోజులు కుంగిపోయేవాడు.

నిజానికి వెంకటేశన్‌కి లోకం మొత్తం లోకువే. పొరుగువాళ్ళు తెలివితక్కువవాళ్ళు, చుట్టాలు తిండిపోతులు, డాక్టర్లు దొంగలు, తమ్ముడు ముకుందన్ అయితే మట్టిబుర్ర. ఈ మధ్య కొన్నేళ్ళుగా ఆ ఈసడింపు ఇంకా ముదిరింది. దానికి కారణం ఉంది. ఆయనకి మతిమరుపు వచ్చింది. గుర్తులేదని ఒప్పుకోవడం కన్నా ఎదుటివాణ్ణి తిట్టడం సులువని ఆయన తొందరగానే కనిపెట్టాడు. తాళంచెవి ఏదని జయమ్మాళ్ అడిగితే, "తాళం యాడుందో తెలియని ఆడదానికి సంసారం ఎందుకు?" అనేవాడు. తాళంచెవి ఆయన జేబులోనే ఉండేది. చుట్టాల కుర్రాడు ఎదురై దండం పెడితే, వాడి పేరు నాలిక మీదికి రాక, "ఏంరా, ఇంగా పేరు తెచ్చుకొనే పని ఏమీ చేయలేదా నువ్వు?" అనేవాడు. అబ్బ, ఎంత మాటన్నాడో అని వాడు మురిసిపోయేవాడు. అరిచేవాడికి అన్నీ గుర్తున్నాయని జనం నమ్ముతారు.

ఇక గురక సంగతి. ఆ గురకకి పక్కింటివాళ్ళు వాళ్ళ మంచాన్ని అవతలి గోడకి జరుపుకున్నారు. గురక ఉన్నట్టుండి ఆగిపోయేది. జయమ్మాళ్ లేచి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసేది. గాలి ఆడేది కాదు. ఆమె పక్కింటివాళ్ళని పిలవబోయే సమయానికి, నీళ్ళలోంచి తేలినవాడిలా ఒక్కసారి ఎగిరిపడి ఊపిరి లాగేవాడు. పొద్దున్నే ఆ సంగతి చెబితే, "నిద్రపోకుండా మొగుడి ముక్కు చూస్తా కూచుంటే గ్యాపకం పోయేది నీకే" అనేవాడు. పగలు మాత్రం కూర్చున్నచోటల్లా కునుకు. అన్నం ముందు కునుకు, పేపరు ముందు కునుకు.

ఇలాంటి తల దగ్గరికి జనని పెళ్ళి వచ్చింది.

జనని ముకుందన్ కూతురు. సేదరపేట్‌లో ఒక కంపెనీలో పనిచేస్తుంది. అక్కడే పనిచేసే సుధాకరన్‌ని ఇష్టపడింది. కులం ఒకటే, రెండు వైపులా పెద్దలకి అభ్యంతరం లేదు. ఇలాంటి అదృష్టం వెయ్యిమందిలో ఒకరికి పడుతుంది. పిల్లాడి తండ్రి ఏలుమలై, ఆమధ్య తన గృహప్రవేశానికి వెంకటేశన్‌ని కూడా పిలిచినవాడే, కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. ముకుందన్ కూతురితో వచ్చాడు. వరస ఒక్కటి చెప్పేస్తే తాంబూలాలు పుచ్చుకోవచ్చు.

"అన్నా, వీళ్ళ ఇంటిపేరు పసుపులేటి అంట. ఒక మాట చెప్పినావంటే మిగతావి చూసుకుంటాము" అన్నాడు ముకుందన్.

వెంకటేశన్ కాఫీ తాగి కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి ఆయన ముక్కులోంచి సన్నగా ఒక శబ్దం మొదలై, లావై, గురకగా మారింది. ముకుందన్ దాన్ని ఏకాగ్రత అనుకున్నాడు. వినేవాడు ముకుందన్ అయితే గురక కూడా మంత్రమే. గురక ఆగింది, వెంకటేశన్ గుటకేసి ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు.

ఎదురుగా నలుగురు భక్తితో చూస్తున్నారు. ఎక్కడిదాకా వచ్చాడు? అన్నదమ్ముల ఇళ్ళలో ఉన్నాడా, వియ్యపు ఇళ్ళలోకి వచ్చాడా? పసుపులేటి పేరు తగిలినట్టే ఉంది. ఎక్కడ తగిలిందో తెలియడం లేదు. మళ్ళీ మొదలుపెట్టవచ్చు. కానీ మళ్ళీ మొదలుపెట్టడమంటే మర్చిపోయానని నలుగురి ముందూ ఒప్పుకోవడమే. ఔనని చెప్పి అది తప్పైతే పాపం తన మెడకి చుట్టుకుంటుంది. కాదంటే పోయేదేముంది, ఇంకో సంబంధం చూసుకుంటారు. పోయేది తనది కాదు కదా.

"అన్నదమ్ములు. కుదరదు" అన్నాడు.

జనని ముఖం పాలిపోయింది. ఏలుమలై ఏదో అడగబోయి ఆ చూపుకి ఆగిపోయాడు. ముకుందన్ వెంటనే పెద్దమనిషి అయిపోయాడు. చిన్నవాళ్ళ మనసులో తప్పు తలంపు మిగలకూడదని, వరస తెలిశాక వరసతో పిలవాలని, కూతుర్ని ముందుకు లాగాడు. "అన్నా అని పిలువమ్మా. ఇప్పుడే, ఈడనే పిలువు. సరి అయిపోతాది."

జనని పిలిచింది. సుధాకరన్ నేలకేసి చూశాడు. అంతటితో ధర్మం నిలబడిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. వెంకటేశన్ పళ్ళ పళ్ళెంలోంచి ఒక అరటిపండు వలుచుకున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం ఆయన మోపెడ్ మీద మేట్టుపాళయం వైపు వెళుతూ, బండి నడుస్తుండగానే కునికి కాలవలో పడ్డాడు. పాండిచ్చేరిలో పట్టపగలు మనిషి కాలవలో పడి ఉంటే జనం రెండో కారణం వెతకరు. పుట్టి బుద్ధెరిగాక సారా చుక్క ముట్టని మనిషి నోరు ఇద్దరు ముగ్గురు వాసన చూశారు. వాసన లేకపోయేసరికి, ఏదో ఖరీదైన సరుకు అయి ఉంటుందని తేల్చారు.

నుదుటికి కుట్లు వేసి ఆస్పత్రిలో పడుకోబెడితే, ఆయన నిద్రపోయాడు, వార్డు మొత్తం మేలుకుంది. ఊపిరి ఆగడం నర్సు కళ్ళారా చూసి డాక్టరుకి చెప్పింది. డాక్టరు జీవా కుర్రవాడు, ఇంట్లో తెలుగు మాట్లాడేవాడే. తలకీ ఛాతీకీ తీగలు అంటించి ఒక రాత్రి నిద్రని పరీక్ష చేయించాడు. పొద్దున్నే జయమ్మాళ్‌ని కూడా కూర్చోబెట్టి చెప్పాడు.

"ఈయన గురక పెడతా ఉంటే బాగా నిద్రపోతా ఉండాడని మీరు అనుకుంటా ఉండారు. ఈయన నిద్రే పోవడం లేదు. పడుకుంటే గొంతులో దారి మూసుకుపోతా ఉంది. ఊపిరి ఆగతా ఉంది. మెదడు బెదిరి లేపతా ఉంది. రాత్రంతా ఇదే పని. ఇట్ల ఏండ్ల తరబడి అయితే తల ఎట్ల పనిచేస్తాది? మతిమరుపు ఏమన్నా ఉందా?"

"లేదు" అన్నాడు వెంకటేశన్.

"ఉండాది సార్" అంది జయమ్మాళ్. "ఉండాదని ఆయనకి గ్యాపకం లేదు, అంతే."

మందు లేదట. మిషను ఉందట. ముక్కుకి తొడుగు, తొడుగుకి గొట్టం, గొట్టం చివర గాలి ఊదే పెట్టె. రోజూ అది తగిలించుకుని పడుకుంటే గొంతు మూసుకుపోదట. వెంకటేశన్ డాక్టర్ని ఎగాదిగా చూశాడు.

"చచ్చినాక ముక్కులో దూది పెడతారు. నువ్వు బతికుండగానే గొట్టం పెడతా ఉండావే, అంత తొందర ఏంది నీకు?"

డాక్టరు నవ్వాడు. పోయిన జ్ఞాపకాలన్నీ తిరిగి వస్తాయని మాట ఇవ్వలేనని, కొన్ని అసలు తలలోకి ఎక్కనే లేదు కాబట్టి రావని, పాతవి మాత్రం చెదరకుండా ఉండవచ్చని, వాటిని చివరిదాకా పట్టుకునే ఓపిక తలకి రావాలని చెప్పాడు. వెంకటేశన్ అంతా విన్నట్టు తల ఊపాడు. ఆ ఊపు కునుకు.

మిషను ఇంటికి రాగానే చుట్టాలంతా చూడటానికి వచ్చారు. జబ్బుపడ్డ మనిషిని చూడటానికి రానివాళ్ళు కూడా తొండం చూడటానికి వచ్చారు. వినాయకుడన్నారు, మిలిటరీ విమానం నడిపేవాడన్నారు. ఒకావిడ దిష్టి తీస్తే పోయేదానికి ఇంత తంటా ఎందుకంది. ముకుందన్‌కి వరసగా చిన్నాన్న కొడుకైన లోకనాథన్ అయితే గొట్టం తన ముక్కుకి పెట్టుకుని చూసి, తుమ్మి, "గాలికి కూడా మిషనా? ఫ్యాను కింద పడుకుంటే పోదా?" అన్నాడు. ఆ ముక్క అన్నందుకు అందరూ అతన్ని మెచ్చుకున్నారు. ఆడలేనివాళ్ళంతా మద్దెల ఓడని చెప్పడానికి వచ్చినట్టుంది.

వెంకటేశన్ కూడా మొదట్లో పెట్టుకోలేదు. జయమ్మాళ్ తన బట్టల పెట్టె సర్ది గుమ్మం దగ్గర పెట్టింది.

"పెట్టుకుంటే ఉంటా. లేదంటే మా అన్న ఇంటికి పోతా. అర్ధరాత్రి నీ ముక్కు కింద చెయ్యి పెట్టి చూసేదానికి నాకు ఇంగ చేతకాదు."

ఆయన తిట్టుకుంటూ పెట్టుకున్నాడు. తిట్లు ఆ గొట్టంలోకే పోయాయి.

కొద్ది వారాలకి మార్పు తెలిసింది. పొద్దున్నే ఉండే తలనొప్పి పోయింది. పేపరు చివరి పేజీ దాకా చదివి, కొన్నేళ్ళుగా తాను మొదటి పేజీ మాత్రమే చదువుతున్నానని గ్రహించాడు. సాయంత్రం సీరియల్ మొదటిసారి పూర్తిగా మెలకువతో చూశాడు. ఇంతకాలం మధ్యమధ్యలో నిద్రపోవడం వల్లే అది బాగుందనుకున్నానని తెలిసింది. మొన్న ఏమి తిన్నాడో ఇప్పటికీ గుర్తుండదు. కానీ ఒక ఆలోచన పట్టుకుంటే అది కొసదాకా వస్తోంది. అదే ఆయనకి పెద్ద వింత.

ఒకరోజు స్నానం చేస్తూ వరసలు చదువుకున్నాడు. తండ్రి నేర్పిన పద్ధతిలోనే, చెంబుకి ఒక పేరు. "మా తుమ్మల ఇంటికి అన్నదమ్ములు వేముల, రావిపాటి, మేడికొండ." అక్కడితో అన్నదమ్ములు సరి. తర్వాత వియ్యపు ఇళ్ళు. "పసుపులేటి..."

చెంబు చేతిలోనే ఆగిపోయింది.

పసుపులేటి వియ్యపు ఇళ్ళలో మొదటిది. మొదటిది ఎందుకంటే ఆయన నాయనమ్మ ఆ ఇంటి ఆడపడుచు. ఆయన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని పెంచింది పసుపులేటి పిల్ల. ఏలుమలై ఇంటివాళ్ళు అన్నదమ్ములైతే ఆయన తాత సొంత చెల్లెల్నే పెళ్ళాడినట్టు. ఆ రోజు ఒక వరస ముగిసి ఇంకొకటి మొదలయ్యే చోట నిద్రపోయాడు. లేచి, ఇంకా ముందు వరసలోనే ఉన్నాననుకున్నాడు. ఆ గదిలో ఉన్న ముకుందన్ కూడా అదే నాయనమ్మకి మనవడు. వాడికీ తట్టలేదు. ఇంత తెలివైన వంశం తన చెల్లెళ్ళెవరో పోల్చుకోవడానికి ఇంకొకడి తల మీద ఆధారపడటంలో వింతేముంది?

ఎవరికీ తెలియదు, చెప్పకపోతే పోయేదేమీ లేదని మొదట అనుకున్నాడు. రెండు రోజులు అలాగే అనుకున్నాడు. మూడోరోజు పొద్దున పాలకని వెళితే, సేదరపేట్ కంపెనీ బస్సు ఆగే చోట జనని నిలబడి ఉంది. కొంచెం దూరంలో సుధాకరన్ వేరేవైపు చూస్తూ నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా పదిమంది తెలిసినవాళ్ళు ఉన్నారు. బస్సు వచ్చింది. సుధాకరన్ చూడలేదు.

"అన్నా, బస్సు వచ్చింది" అంది జనని.

ఆ పిలుపు వెంకటేశన్ చెవిలో పడింది. ఆ పిల్ల గొంతులో తడి లేదు, కోపం లేదు. పాఠం అప్పజెప్పినట్టు ఉంది. వెంకటేశన్‌కి సిగ్గేసింది. ఇంతకాలం ఇతరుల్లో మాత్రమే చూసి నవ్విన సరుకు అది. తన ఒంట్లో పుట్టేసరికి ఎక్కడ దాచాలో తెలియలేదు. పాలు తీసుకోకుండానే ఇంటికి వచ్చాడు.

ఆదివారం తమ్ముడి ఇంటికి వెళ్ళాడు. అక్కడ అప్పటికే హడావుడిగా ఉంది. జననికి మేట్టుపాళయంలో గోడౌన్ ఉన్నవాళ్ళ సంబంధం వచ్చిందని, మర్నాడు తాంబూలాలకి వెళ్ళాలని మాట్లాడుకుంటున్నారు. లోకనాథన్ వచ్చి ఉన్నాడు. పుట్టింటికి వచ్చిన అతని కూతురు జయంతి, చంకలో పిల్లాడితో వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. రెండేళ్ళ కిందట ఆమె పెళ్ళికి వరస చెప్పింది కూడా వెంకటేశనే. జనని ఒక మూల పూలు కడుతోంది.

"ముకుందా, ఆ పొద్దు నేను చెప్పింది తప్పు. పసుపులేటివాళ్ళు మనకి వియ్యపువాళ్ళు. జననికీ సుధాకరన్‌కీ వరస కుదురుతాది" అన్నాడు వెంకటేశన్, నిలబడే.

జనని చేతిలో పూలు ఆగిపోయాయి. ముకుందన్ లోకనాథన్‌కేసి చూశాడు. ఇద్దరూ ఒకే రకంగా నవ్వారు. పిచ్చివాడు నిజం చెప్పినప్పుడు నవ్వే నవ్వు అది.

"అన్నా, నీకు ఒంట్లో బాగలేదు. గొట్టం పెట్టుకొని పడుకుంటా ఉండావు. ఇట్లాంటివి ఎందుకు నీకు ఇప్పుడు? కూచో, కాఫీ తాగు."

"ఇప్పుడు బాగుండాను రా. అప్పుడే బాగలేదు. అప్పుడు నిద్రపోతా చెప్పినాను."

"డాక్టరే చెప్పినాడంట కదా, నీకు మతిమరుపని" అన్నాడు లోకనాథన్. "మొన్న మధ్యాహ్నం ఏం తిన్నావు, చెప్పు చూద్దాం."

వెంకటేశన్ నోరు తెరిచాడు. రాలేదు. గదిలో నవ్వు పుట్టింది. నిద్రపోతూ చెప్పిన మాట వీళ్ళకి వేదం. మేలుకుని చెబితే మతిమరుపు. ఆ వేదం గోడౌన్ సంబంధానికి దారి ఇచ్చింది కాబట్టి అది వేదం. వెంకటేశన్‌కి ఒళ్ళు మండింది.

"నాయనమ్మ పసుపులేటి ఇంటి పిల్ల కాదా రా? వాళ్ళు అన్నదమ్ములైతే మన తాత ఎవర్ని చేసుకున్నట్టు?"

"నాయనమ్మని నేను చూసినానా, లోకనాథన్ చూసినాడా? నువ్వు చెప్పేదే కదా అదీ" అన్నాడు ముకుందన్. చూడని మాట నిజం. వాడు పుట్టకముందే ఆమె పోయింది.

అప్పుడు లోకనాథన్ ముందుకి జరిగాడు. తెలివైన ప్రశ్న తట్టినవాడి ముఖం పెట్టాడు.

"సరే అన్నా. నిద్రలో చెప్పినానంటా ఉండావు. ఈ జబ్బు ఇప్పుడు పుట్టింది కాదంట, ఏండ్లుగా ఉందంట. అట్లయితే మా జయంతికి చెప్పినావే వరస, అది మెలకువలో చెప్పినావా, నిద్రలోనా? అది కూడా తప్పేనా?"

నవ్వు ఆగిపోయింది. అడిగేదాకా ఆ మాట ఎంత దూరం పోతుందో లోకనాథన్‌కే తెలిసినట్టు లేదు. జయంతి గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. వెంకటేశన్ కళ్ళు మూసుకున్నాడు. గురక వస్తుందేమోనని కొందరు చూశారు. రాలేదు. మేలుకుని ఉన్న తలలో పేర్లు ఒక్కొక్కటే నడిచాయి.

జయంతి మొగుడిది కడలూరు పక్క. ఇంటిపేరు వేముల. లోకనాథన్‌ది మేడికొండ. తుమ్మలకి అన్నదమ్ములు వేముల, రావిపాటి, మేడికొండ. వేముల, మేడికొండ అన్నదమ్ములు. జయంతికి వరస చెప్పిన రోజు కూడా కునికాడు. లేచేసరికి అందరూ నవ్వుముఖాలతో ఉన్నారని, "కుదురుతాది" అనేశాడు.

కళ్ళు తెరిచాడు. చంకలో పిల్లాడు తల్లి గొలుసు నోట్లో పెట్టుకుని చీకుతున్నాడు. వాడు పుష్టిగా ఉన్నాడు. ఎన్ని తరాల కిందటి అన్నదమ్ములో, ఏ కరువులో విడిపోయారో, వాడికేం తెలుసు. కానీ ఈ గదిలో ఉన్నవాళ్ళకి తెలిస్తే వాడి బతుకు ఏమవుతుందో వెంకటేశన్‌కి బాగా తెలుసు. అన్నాచెల్లెళ్ళకి పుట్టినవాడంటారు. జయంతిని గడప తొక్కనివ్వరు. ఎదిగేదాకా ఆ పిల్లాడి వెనక ఆ మాట నడుస్తుంది.

తప్పేనంటే అందరూ నమ్ముతారు. నిద్రలో చెప్పిన మాటలన్నీ చెల్లవని తేలిపోతుంది, జనని బయటపడుతుంది, జయంతి మునుగుతుంది. సరైనదేనంటే నిద్రలోనూ తల సరిగ్గానే పనిచేసినట్టు, అప్పుడు జననికి చెప్పింది కూడా సరైనదే. మింగలేడు, కక్కలేడు. జనని ఆయనకేసే చూస్తోంది. ఆ గదిలో ఆయన్ని నమ్మాలని కోరుకుంటున్న మనిషి ఆ పిల్ల ఒక్కతే.

"జయంతిది సరిగ్గానే ఉండాది" అన్నాడు వెంకటేశన్. "అన్నీ సరిగ్గానే చెప్పినాను. నా తలకి ఏ జబ్బూ లేదు. జననిది ఒక్కటే తప్పు చెప్పినాను. తెలిసే చెప్పినాను."

"తెలిసే అంటే?"

"ఏలుమలై గృహప్రవేశానికి పిలిచి, మొదటి తాంబూలం నాకు ఇవ్వలేదు. అంతమందిలో నన్ను కాదని ఇంకొకడికి ఇచ్చినాడు. వాని ఇంటికి మన పిల్ల పోకూడదనుకొన్నాను. అందుకే అన్నదమ్ములని చెప్పినాను. ఇప్పుడు మనసు ఒప్పలేదు, వచ్చి చెప్తా ఉండాను. అంతే."

నిజానికి ఆ గృహప్రవేశంలో ఆయన విస్తరి ముందే నిద్రపోయాడు. మొదటి తాంబూలం ఎవరికి ఇచ్చారో ఆయనకి ఈ జన్మలో తెలియదు.

అందరూ నమ్మారు. ఎంత తొందరగా నమ్మారంటే వెంకటేశన్‌కే ఆశ్చర్యమేసింది. డాక్టరు చెప్పిన జబ్బుని తొండమని నవ్వినవాళ్ళు, తీగలు అంటించి చూసిన పరీక్షని గాలి అన్నవాళ్ళు, తాంబూలం కోసం ఒక పిల్ల బతుకు చెడగొట్టాడంటే మాత్రం ఒక్క ప్రశ్న వేయలేదు. అలాంటి పని తామైనా చేస్తారు కాబట్టి వెంటనే అర్థమైంది.

"ఛీ, నువ్వు ఒక అన్నవా?" అన్నాడు ముకుందన్. ఏడుస్తూ అన్నాడు, అందులో నటన లేదు. "నా బిడ్డచేత వాణ్ణి అన్నా అని పిలిపించినాను నేను. నా చేత్తో ముందుకి లాగి పిలిపించినాను."

అందరికన్నా ఎక్కువ అరిచింది లోకనాథన్. కూతురి కాపురం చెక్కు చెదరలేదని తెలిశాక అతనికి ఎక్కడలేని న్యాయబుద్ధి పుట్టుకొచ్చింది. ఇలాంటివాణ్ణి ఇక శుభకార్యాలకి పిలవకూడదన్నాడు, గడప తొక్కనివ్వకూడదన్నాడు. జయంతి కూడా పిల్లాణ్ణి ఇంకో చంకకి మార్చుకుని, "ఎంత కుళ్ళు పెదనాయనా నీకు" అంది. వెంకటేశన్ ఆమెకేసి చూడలేదు. చెప్పులు వేసుకుని వచ్చేశాడు.

గోడౌన్ సంబంధానికి వద్దని కబురు పోయింది. ఏలుమలైని పిలిపించి ముకుందన్ క్షమాపణ అడిగాడు. తాంబూలం సంగతి విని ఏలుమలై నోరు వెళ్ళబెట్టాడు. తనకి అలాంటిదేమీ గుర్తులేదన్నాడు. అయినా ఇచ్చి ఉండననీ, తప్పు తనదే అయి ఉంటుందనీ అన్నాడట. మంచివాడు. పెళ్ళి ముహూర్తం పెట్టుకున్నారు.

వెంకటేశన్ ఇంటికి పళ్ళ పళ్ళేలు రావడం ఆగిపోయింది. వరసలు ఎవరిని అడుగుతున్నారో తెలియదు. బహుశా ఎవర్నీ అడగకుండా, తెలిసినట్టు తలలూపుకుని చేసేసుకుంటున్నారు. వీధిలో ఎదురైనవాళ్ళు పక్కకి తప్పుకుంటున్నారు. ఆయన కూడా ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే జయంతి మునుగుతుంది.

శుభలేఖ ఇవ్వడానికి జనని ఒక్కతే వచ్చింది. వాకిట్లోనే నిలబడింది. జయమ్మాళ్ లోపలికి రమ్మన్నా రాలేదు. కార్డు జయమ్మాళ్ చేతిలో పెట్టింది.

"పెద్దమ్మా, నువ్వు రావాల. తప్పకుండా రావాల."

వెంకటేశన్ లోపలి గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. జనని తలెత్తి ఆయనకేసి చూసింది.

"మూడు నెలలు. పొద్దున్నే లేచి, బస్సు కాడ ఆయన్ని అన్నా అని పిలిచినాను పెద్దనాయనా. ఒక తాంబూలానికి."

ఆయన దగ్గర జవాబు ఉంది. పేర్లతో సహా, వరస తప్పకుండా, మొదటినుంచి చివరిదాకా ఉంది. చెప్పలేదు. ఆమె వెళ్ళిపోయింది.

జయమ్మాళ్ కార్డు చేత్తో పట్టుకుని ఆయన ముందుకు వచ్చింది. ఆయన ఊపిరి ఆగిన ప్రతి రాత్రీ ముక్కు కింద చెయ్యి పెట్టి చూసిన మనిషి. ఆయన కునుకులు, ఆయన మతిమరుపు, ఆయన అబద్ధాలు అన్నీ తెలిసిన మనిషి. ఈమె ఒక్కతి నమ్మి ఉండదని ఆయన లోలోపల ఒక ఆశ పెట్టుకున్నాడు.

"నిజంగానే తాంబూలానికేనా?" అని అడిగింది.

"ఆఁ" అన్నాడు.

ఆమె ఆయన ముఖంలోకి కాసేపు చూసింది. ఇంకో మాట అడుగుతుందని ఆయన ఎదురుచూశాడు.

"నేను అప్పుడే అనుకొన్నాను" అంది జయమ్మాళ్, శుభలేఖ అలమారలో పెట్టడానికి లోపలికి వెళుతూ.